సందు మలుపులో అండాలమ్మ

మా ఇంటి వెనక్కి పోవడానికి ఒకటే దారి. మా గోడకీ పక్కింటి బాపిరాజు గారి గోడకీ మధ్యనున్న సందు. మనిషి నేరుగా నడిస్తే రెండు భుజాలూ గీసుకుంటాయి. పైగా వంటింటి దగ్గర అది మలుపు తిరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ స్థలం కొన్నప్పుడు మా ఆయన చక్రపాణి ఆ సందు చూసి గాలి బాగా వస్తుందని మురిసిపోయారు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆయన లెక్కలు తప్పేది ఇంట్లోనే.

వెనకనున్న ఖాళీలో ఒక గది వేసి, కోచింగ్‌కి వచ్చే ఆడపిల్లలకు అద్దెకివ్వాలన్న పట్టుదల నాది. గోడలు లేచాయి. స్లాబు దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు తెలిసింది. కాంక్రీటు తెచ్చే బండి మా వీధి మలుపే తిరగదు. కలిపే మిషను వీధిలో పెడితే, అక్కణ్ణుంచి మాలు గది మీదికి చేరేదెలా? ఇద్దరు మేస్త్రీలు వచ్చి, సందు చూసి, రేపొస్తామని చెప్పి మళ్లీ కనబడలేదు. మూడో మేస్త్రీ సైదులు. ఎల్బీనగర్ చౌరస్తాలో పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా నుంచి వచ్చాడు. సందులోకి ఒకసారి తొంగిచూసి, వెనకున్న భార్యను పిలిచాడు.

"అయితదానే?" అన్నాడు.

అండాలమ్మ సందులో నడిచి మలుపు దగ్గర నిలబడింది. చేతుల్లో తట్ట ఉన్నట్టే నడుము ఇటు నుంచి అటు తిప్పి చూసుకుంది. "అయితది. గీ మలుపుల నేనుంట," అంది.

ఆమెది నకిరేకల్ దగ్గర పల్లె. రెండేళ్లు వరసగా వానల్లేక, చంకలో కూతురు స్వప్నతో మొగుడి వెంట పట్నం వచ్చింది. చాలా ఏళ్లు కట్టే ఇళ్లలోనే కాపలా కాస్తూ కాపురం చేశారు. ఆ ఇంటివాళ్ల గృహప్రవేశం రోజే వీళ్లు మూట కట్టుకుని ఇంకో పునాది దగ్గరికి పోయేవాళ్లు. నేను ఎరిగేనాటికి మన్సూరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. చీర మీద సైదులు పాత చొక్కా తొడుక్కుని పనికొచ్చేది. నోరు పెద్దది. నేనిచ్చిన టీ ఒక గుక్క తాగి, "గిది చాయా అమ్మా, పాయసమా?" అని అందరి ముందూ నా పరువు తీసింది. కోపం వచ్చింది గానీ మర్నాటి నుంచి పంచదార తగ్గించాను.

స్వప్న చేత మాత్రం ఒక్క తట్ట ముట్టించలేదు. ఇంటర్ దాకా చదివించింది. "నా బిడ్డ చేతులు చూడాలె నువ్వు," అని తన చేతులు చాపి చూపించేది. సిమెంటు తిని పగిలిన చేతులు. వాటిని చూపిస్తూ కూతురి చేతుల్ని పొగుడుతుంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. కూతుర్ని తమ ఊరి దగ్గరే కృష్ణ అనే డ్రైవరుకిచ్చింది. ఆ పిల్ల నిండు నెలల్లో పడబోతోంది. తొలికాన్పు పుట్టింట్లో కావాలి గనక తోలుకొద్దామనుకుంటుంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది, బస్సులు ఆగిపోయాయి. ఇంకా నెల ఉంది కదా, స్లాబు పోసి పోయి తెచ్చుకుంటానని అంది.

స్లాబుకి ముహూర్తం పెట్టించింది నేనే. కరెంటు ఉండదని ముందురోజే డ్రమ్ముల్లో నీళ్లు పట్టి ఉంచాం. పొద్దున కొబ్బరికాయ కొట్టాక, సైదులు ఒక గుడ్డసంచీలో కూలీలందరి ఫోన్లూ వేయించి నా చేతికిచ్చాడు. అది అతని కట్టుబాటు. ఎప్పుడో ఒకడు ఫోనెత్తడానికి తట్ట వదిలితే వెనకవాడి వేలు నలిగిందట. అదీ కాక, స్లాబు మొదలుపెట్టాక ఆపకూడదు. పోసింది బిగుసుకున్నాక దాని పక్కన కొత్తది పోస్తే నడుమ అతుకు పడుతుంది. ఇక వానాకాలమంతా ఆ అతుకులోంచే కారుతుంది.

వీధి నుంచి వెనకదాకా మనుషులు వరసగా నిలబడ్డారు. చేతిలోంచి చేతిలోకి తట్టలు నడిచాయి. మలుపులో అండాలమ్మ. అక్కడ చోటు చాలదు. తట్ట ఒరిగితే మాలు కిందపడుతుంది, నిలిస్తే వెనక వరసంతా నిలుస్తుంది. ఆమె ఎడమ వైపు అందుకుని, తట్టను కడుపుకి ఆనించి, నడుముతో తిరిగి కుడి వైపు అందించేది. చెంచాడు మాలు నేలపాలు కాలేదు. అలా తిరగడం ఆ వరసలో ఇంకెవరికీ రాదు.

పదకొండింటికి సంచీలో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి తీసి చూస్తే సైదులు ఫోను. ఎత్తాను.

"అమ్మా, నేను సైదులు అల్లుణ్ణి, కృష్ణను. స్వప్నకు నొప్పులు లేసినయి. నల్లగొండ దవాఖానకు తెచ్చినం. అమ్మ, అమ్మ అని ఒకటే తలుస్తుంది. మా అత్తను జల్ది పంపుర్రి అమ్మా."

"చెబుతాను బాబూ," అన్నాను.

చెప్పడానికే సందులోకి వెళ్లాను. స్లాబు అప్పటికి సగమైంది. అండాలమ్మ చొక్కా చెమటకి వీపుకంటుకుపోయింది. ఆమె పోతే ఈ మలుపులో ఎవరు నిలబడతారు? సగం స్లాబుతో నేనేం కావాలి? నేనూ ఇద్దరు పిల్లల్ని కన్నదాన్నే. తొలికాన్పంటే సాయంత్రం దాకా పడుతుంది, ఇంకో మూడు గంటలైతే పని అయిపోతుంది, అప్పుడు చెబితే మాత్రం ఏమైందిలే అనుకున్నాను.

ఆమె నన్ను చూసి, "ఏందమ్మా?" అంది.

"మంచినీళ్లు కావాలేమోనని," అన్నాను.

ఫోను మళ్లీ రెండుసార్లు మోగింది. సంచీని దేవుడి గదిలో పెట్టి తలుపు మూశాను.

రెండున్నరకి స్లాబు అయింది. సైదులు పైనుంచి ఈల వేశాడు. స్లాబు దావత్ కోసం వండిన కోడికూర గిన్నె దింపుతూ, అప్పుడే ఫోను వచ్చినట్టు చెప్పాను. అండాలమ్మ చేతులు కూడా కడుక్కోలేదు. ఇద్దరూ సిమెంటు కాళ్లతోనే వీధి చివరికి పరుగెత్తారు. జీపు దొరికింది గానీ పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆగిపోయింది. పన్నెండున్నర నుంచీ అక్కడ రాస్తారోకో. అంతకు ముందు వచ్చిన బండ్లన్నీ దాటిపోయాయి. వీళ్లు ఆగిన లారీల పక్కనుంచి నడిచి నడిచి, అవతల ఇంకో బండి పట్టుకుని, దీపాలు పెట్టేవేళకు నల్లగొండ చేరారు. నెత్తురు ఎక్కువ పోయి స్వప్న నాలుగింటికే కన్నుమూసింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల బతికింది.

పదకొండింటికి చెప్పి ఉంటే రెండింటికల్లా కూతురి పక్కన ఉండేది. ప్రాణం నిలబెట్టేది కాదేమో. చెయ్యి పట్టుకునేది.

దినాలయ్యాక నేను మన్సూరాబాద్ వెళ్లాను. గదిలో సైదులు గోడకానుకుని ఉన్నాడు. అండాలమ్మ పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. నిజం చెప్పాలనే బయల్దేరాను. ఆమె నా మొహంలోకే చూస్తూ ఉంది. ఆ చూపు భరించలేక నోటికొచ్చింది అనేశాను. "ఈ మాయదారి బందులమ్మా! మీ తెలంగాణే నీ బిడ్డను పొట్టన పెట్టుకుంది."

సైదులు తలెత్తి మళ్లీ దించుకున్నాడు. ఆమె పసిదాని మీది గుడ్డ సర్దింది.

అదే మాట మా వీధిలోనూ చెప్పాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మావాళ్లందరూ ఔనౌనన్నారు. ఎన్నిసార్లు చెప్పానో, నాక్కూడా కొంత కొంత నిజమే అనిపించసాగింది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను జన్మలో చెయ్యలేదు.

రెండేళ్ల పైనే గడిచాయి. రాష్ట్రం వస్తుందని ఖాయమైన వేసవిలో బాపిరాజు గారు తమ వెనక వైపు రెండు గదులు వేశారు. అదే సందు, అదే మలుపు, అదే అండాలమ్మ. మనిషి సగమైంది. మెడలో పాలిథిన్ కవరుకి తాడు కట్టి వేసుకుంది, అందులో ఫోను. అందరి ఫోన్లూ సంచీలోకి పోయాయి. ఆమె ఫోను అడిగే ధైర్యం సైదులుకే లేదు.

స్లాబు మాంచి ఊపులో ఉండగా ఆ ఫోను మోగింది. "ఆగున్రి!" అని కేకేసింది. వరసంతా చేతుల్లో తట్టలతో అలాగే నిలబడిపోయింది. మిషను ఆగింది. పైనుంచి బాపిరాజు గారు, "అండాలమ్మా, అతుకు పడుతుందమ్మా!" అని అరిచారు.

"పడనీ సారూ," అంది. మాలు అంటిన వేలితో కవరు మీదే నొక్కి చెవికానించుకుంది. అవతల మనవరాలు. "రమ్యా... ఏం తిన్నవ్ బిడ్డా? గుడ్డు తిన్నవా? ఇంకేం తిన్నవ్?"

మా వంటింటి కిటికీ ఆ మలుపు మీదికే. అక్కడ నిలబడి అంతా విన్నాను. టీల వేళకు గ్లాసు పట్టుకుని సందులోకి వెళ్లాను. ఆమె ఒక్కతే గోడకానుకుని కూర్చుంది.

"అండాలమ్మా, ఆ రోజు ఫోను పదకొండింటికే వచ్చింది. నేనే చెప్పలేదు," అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపు వచ్చింది.

ఆమె టీ తాగింది. "నాకెర్కే అమ్మా. ఎవరో అమ్మ ఎత్తి, చెప్తనన్నదని కృష్ణ గా దినమే చెప్పిండు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఇంటికొచ్చినవ్ గదా, నువ్వే చెప్తవని సూశిన. మా తెలంగాణ మీదేసి పోయినవ్."

మిషను మళ్లీ మొదలైంది. ఆమె గ్లాసు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచింది. మలుపులో నిలబడి, మా గది వైపు తలెత్తి చూసింది.

"మీ అర్ర కురుస్తుందా అమ్మా?"

"లేదు," అన్నాను.

"కురవది. నడుమ ఆపలే గద," అంది, వచ్చిన తట్టను అందుకుంటూ.