దిండు నడుము కొలత

వీధి మొత్తానికీ మామయ్య అయిన టైలరుకు మనుషులు ముఖాలతో గుర్తుండరు, నడుములతో గుర్తుంటారు. ఆయన కొట్లో గుడ్డల కుప్ప మీద ఒక బొద్దు పిల్లి కాపురం ఉండేది. దానికి దిండు అని పేరు పెట్టింది ఆయన భార్య, అత్తయ్య. ఆవిడ గిన్నె మీద గరిటెతో కొట్టి, "ఒసేయ్ దిండూ! తింటావా, నన్ను తినమంటావా?" అని కేకేస్తే పక్క వీధివాళ్లకూ ఆకలేసేది.

అత్తయ్య పోయింది. కేక ఆగిపోయింది. దిండు గిన్నె వైపు చూడటం మానేసింది. మామయ్య మాత్రం రోజూ టేపు పెట్టి కొలిచి మురిసిపోయాడు.

"నడుము దిగుతోందమ్మా! ఇన్నాళ్లకు దీనికో ఆకారం వస్తోంది" అన్నాడు ఎదురు కొట్లో బొత్తాలమ్మే చెల్లెమ్మతో.

"ఆకారం సరే అన్నయ్యా, ఆ చెవులేంటి, పసుపు పూసినట్టు?"

టేపు చేతిలోంచి జారింది. పిల్లిని గుడ్డల సంచిలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"లావు పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కదిలొచ్చి ఒక్కసారిగా లివరు మీద పడుతుంది" అందావిడ. "అంత కొవ్వును అది ఖర్చు చేయలేదు. కొవ్వు లోపలే పేరుకుపోయి లివరు మొరాయిస్తుంది. ఆ చెవుల పసుపు అదే, కామెర్లు."

"అంటే, ఉన్నది ఒక్క మిషను, ఊరంతా ఒకే రోజు బట్టలు తెచ్చి పడేసినట్టా?"

"అచ్చం అంతే. దీనికి మందు తిండే. మెడ దగ్గర గొట్టం వేస్తాను, కొంచెం కొంచెంగా పట్టించండి. తనంతట తాను తిన్నాకే తీసేది. అయినా, నడుము కొలిచిన మనిషి గిన్నె చూడలేదా?"

ఆ గిన్నె అత్తయ్య పెట్టినచోటే ఉంది. అటు చూసే ధైర్యం ఆయనకే లేదు మరి.

గొట్టం కదలకుండా మెడపట్టీ కుట్టాడు, అత్తయ్య తలగడ గలీబుకని దాచుకున్న పూల గుడ్డతో. కొన్ని వారాలకు చెవుల పసుపు వెలిసిపోయింది. దిండు మాత్రం మూతి తిప్పుకోవడం మానలేదు.

ఒక మధ్యాహ్నం వీధి కునుకు తీస్తుండగా, మామయ్య తలుపు దగ్గరగా వేసి, గిన్నె కడిగి తిండి పెట్టాడు. గరిటె తీశాడు. గొంతు సన్నగా సాగదీశాడు.

"ఒసేయ్ దిండూ! తింటావా, నన్ను తినమంటావా?"

దిండు చెవులు నిక్కాయి. ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. నెమ్మదిగా వచ్చి గిన్నెలో మూతి పెట్టింది.

తలుపు తోసుకుని చెల్లెమ్మ ఊడిపడింది. "వదినే వచ్చిందనుకున్నా! గుండె ఆగినంత పనైంది అన్నయ్యా!"

మామయ్య కళ్లు భుజానికి తుడుచుకున్నాడు.

"ఎక్కడమ్మా, మీ వదిన గొంతు ఇంకొంచెం పైకుండాలి. ఇంకా సరిగ్గా కుదర్లేదు. రేపటికి సరిచేసేస్తా."