వీపు మీద ఖో

నిన్న సాయంత్రం వీధిలో పిల్లలు ఖోఖో ఆడుతుంటే లేచిన దుమ్ము వాసన మా వరండా దాకా వచ్చింది. గురజాల బడి మిత్రులారా, గుర్తుందా? వరుసగా గొంతుక్కూర్చుని, వెనక్కి చూడకుండా, వీపు మీద చెయ్యి పడేదాకా ఆగేవాళ్లం. ఖో ఇచ్చినవాళ్లు మన చోట కూర్చుంటే మనం పరుగెత్తేవాళ్లం. నేను ఆగలేకపోతే మరదలు సుజాత అరిచేది.

"ఏంది బావా ఆ తొందర? నేను ఖో ఇచ్చేదాకా కదలమాక!"

ఓర్పూ, వెనకున్నవాళ్ల మీద నమ్మకమూ నాకు ఆ ఆటే నేర్పింది.

ఆ సుజాతే నా భార్య అయింది. ఆమె పోయాక నేను వరండాలో నులక మంచం దిగడమే మానేశాను.

నిన్న ఇంట్లో ఎవరూ లేరు. నా వీపు మీద చిన్న అరచెయ్యి పడింది. లేచి, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచాను.

వెనక మంచం, ఎవరో కూర్చున్నట్టు, కిర్రుమంది.