ముట్టుకుంటే ఆడాల్సిందే

లమారాకు ఒకటే జబ్బు. చేయి తగిలినదాన్ని వదలదు. చదరంగంలో ముట్టిన పావును కదపక తప్పదు కదా, ఆ నియమాన్ని ఆవిడ తన ఊరు కుటాయిసిలో బజారు దాకా లాక్కొచ్చింది. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషి, పొరపాటున తగిలిందని మగవాళ్ల టోపీ ఒకటి కొని చలికాలమంతా పెట్టుకు తిరిగింది.

అంజూరాలమ్మే గులికోకు అది వరం. పొద్దుగూకేసరికి నలిగిన పండ్లను ముందు వరసలో పేర్చేది. లమారా చేయి సరిగ్గా వాటిమీదే పడేది.

"అయ్యో, తగిలింది. తూచెయ్యి."

"పావును తాకేముందు 'సర్దుతున్నాను' అనేస్తే లెక్కలోకి రాదటగా అక్కా? మా నాన్న చెప్పాడు."

"మరిచిపోయానే."

పదేళ్లుగా మరిచిపోతూనే ఉంది. ముప్ఫై ఏళ్లనాటి ఆటల్లో ఎత్తులన్నీ వరసగా అప్పజెప్పే మనిషి.

ఆవిడ ఆడినవాటిలో అన్నిటికన్నా గొప్ప ఆటా ఆ జబ్బు పెట్టిన భిక్షే. కిరీటం తేలే ఆఖరి ఆటలో చొక్కా చేతి అంచు ఏనుగుకు తగిలింది. ఎదుటామె అప్పటికే కాఫీకి వెళ్లింది. ఎవరూ చూడలేదు. లమారా ఇరవై నిమిషాలు తల పట్టుకు కూర్చుని, ఆ ఏనుగునే కదిపింది. "మునిగింది" అన్నారంతా. తొమ్మిది ఎత్తుల తరవాత ఎదుటి రాజుకు నిలబడే గడి లేదు. ఆ ఏనుగు అక్కడెందుకుందో అప్పుడు అర్థమై హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆవిడకు చదరంగంలో ఓనమాలు దిద్దించింది గులికో తండ్రి వర్లామ్ మాస్టారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన మూడేళ్లుగా బల్ల ముందు కూర్చోలేదు. "చేయి ఎక్కడ పడుతుందో నాకే తెలీదమ్మా. నలుగురిలో నవ్వులపాలు కాలేను" అనేవారు. ఎనభయ్యో పుట్టినరోజున గులికో బతిమాలి క్లబ్బుకు తెచ్చి, లమారా ఎదుట కూర్చోబెట్టింది.

ఇరవయ్యో ఎత్తులో భయపడ్డంతా అయింది. గుర్రం కోసం వెళ్లిన చేయి మంత్రిమీద పడింది. మంత్రిని కదిపితే ఆట పోయినట్టే. లమారా పట్టుదల ఊరందరికీ తెలుసు. మాస్టారు తలదించుకుని లేవబోయారు.

"సర్దుతున్నాను అన్నారుగా మాస్టారూ, సర్దుకోండి" అంది లమారా, బల్లమీంచి చూపెత్తకుండా.

"నాకు వినపడలేదే" అన్నాడు రెఫరీ ఒతారి.

"చెవులు చూపించుకో నాయనా."

తండ్రి భుజం పక్కనే నిలబడ్డ గులికోకూ వినపడలేదు. ఆ తరవాత లమారా ఆయన్ని జాలి లేకుండా ఓడించింది. మాస్టారు మీసం దువ్వుకుని, "వచ్చే ఆదివారం చూస్తా నీ సంగతి" అన్నారు.

అనని మాట విన్న మనిషి, అనాల్సిన మాట పదేళ్లుగా ఎలా మరిచిపోయింది? గులికోకు సిగ్గేసింది. మర్నాడు నలిగినవాటిని వెనక బుట్టలో దాచి, మిసమిసలాడే పండొకటి లమారా చేతికి అందించబోయింది.

లమారా చేయి గాల్లోనే ఆగింది. "సర్దుతున్నాను" అని, ఆ పండు తీసుకుని వరసలో పెట్టి, వెనక బుట్టలోకి చేయి చాచింది.

"అయ్యో, తగిలింది. తూచెయ్యి."