పైవాడి ఊపిరి

ఆ పోత కార్ఖానాలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పైవాడు. షెడ్డు కప్పు కింద నలభై అడుగుల ఎత్తున, పట్టాల మీద నడిచే క్రేనుకు వేలాడే గాజు గదిలో కూర్చుని, ఇరవై రెండేళ్లుగా కరిగిన ఇనుమును కొలిమి దగ్గరి నుంచి అచ్చుల దగ్గరికి మోస్తున్నాడు. "పైవాడి దయ ఉంటే ఇవాళ తొందరగా ఇల్లు చేరతాం" అని కిందివాళ్లు నవ్వుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మొహం చూడాలి. గర్వపడితే పడ్డాడు, ఎవరి సొమ్మేం పోయింది? ఇంత బరువును చుక్క తొణక్కుండా దించగలిగినవాడు ఆ షెడ్డు మొత్తానికి ఆయనొక్కడే.

అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇనుప బాన నిండా మండే లోహం వేలాడుతుండగా, కూర్చున్నచోటే నిద్రపోయాడు. చెయ్యి క్రేను నడిపే లీవరు మీద వాలింది. క్రేను తన దారిన తాను కదిలింది. కింద సిగ్నల్ మనిషి వంగి గొలుసు సర్దుకుంటున్నాడు. చేతి సైగలతో పైవాడికి దారి చెప్పేది అతనే, పదిహేడేళ్లుగా ఇద్దరిదీ జోడీ. మెడ మీద సెగ తగిలి తలెత్తి చూశాడు, పైప్రాణాలు పైనే పోయాయి, ఒక్క దూకు దూకాడు. చొక్కా వీపు మాడి రాలింది, చర్మం కమిలింది, మనిషి మాత్రం దక్కాడు. ఆ కేకలకు మెలకువ వచ్చిన పైవాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైందిరా, ఎందుకలా అరుస్తున్నారు?" అని అడిగాడు. పాపం, తను నిద్రపోయిన సంగతి ఆయనకే తెలియదు.

తర్వాత ఆస్పత్రిలో ఓ రాత్రి తలకు, ఛాతీకి వైర్లు అంటించి పడుకోబెట్టి లెక్క తేల్చారు. గంటకు ముప్పై ఎనిమిది సార్లు ఆయన ఊపిరి ఆగిపోతోంది. గొంతు మూసుకుపోవడం, ఒళ్లు ఉలిక్కిపడటం, మళ్లీ గుర్రు. రాత్రంతా ఇదే తంతు. పడుకుంటున్నాడే గాని నిద్రపోవడం లేదు. మందు లేదు, మిషనే గతి అన్నాడు డాక్టరు. చెప్పుల పెట్టెంత డబ్బా, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కు మీద పెట్టుకునే మాస్కు. అది ఊదే గాలి గొంతును మూసుకుపోనివ్వదు. ఎంత గాలి కావాలో డబ్బాయే పసిగట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది.

కార్ఖానా వాళ్లు ఆయన్ని అప్పటికి గేటు దగ్గర లారీల లెక్కకు వేసి, కాగితం మీద షరతు రాసిచ్చారు. ముప్పై రోజుల్లో కనీసం ఇరవై ఒక్క రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా మిషను వాడినట్టు దాని రికార్డు చూపించాలి. అది చూసి డాక్టరు సంతకం చేస్తే మళ్లీ పైకి ఎక్కనిస్తారు. చేయకపోతే ఆ గదిలో ఇంకొకరు, ఆయన శాశ్వతంగా గేటు దగ్గర. ఆ ఇంకొకరు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు కూడా.

మిషను బిగించడానికి ఇంటికి వచ్చిన టెక్నీషియన్ మంచి ఓపిక గల మనిషి. మాస్కు మొహానికి ఆనించి, పట్టీలు వదులుగా పెట్టి, "పట్టీకీ చెంపకీ మధ్య వేలు దూరాలి సార్. గాలి వచ్చాక ఈ మెత్త దానంతటదే ఉబ్బి కూర్చుంటుంది. బిగించారంటే అణిగిపోయి పక్కల నుంచి గాలి పోతుంది" అని విడమరిచి చెప్పాడు.

పైవాడు తలూపాడు. ఊపాడంతే. అతను గుమ్మం దాటగానే పట్టీలు నాలుగూ పట్టి లాగాడు.

"అదేమిటండీ, వదులుగా పెట్టుకోమన్నాడుగా?" అంది భార్య.

"వాడికేం తెలుసు? కట్టు వదిలితే మనిషి పోతాడు. ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నది అదే."

నిజమే, గొలుసు కట్టేటప్పుడు అది ప్రాణం కాపాడే సూత్రం. కాని ముక్కు ఇనుప దిమ్మ కాదు కదా. ఆ ముక్క ఆయన బుర్రకు ఎక్కలేదు. మొదటి రాత్రి గాలి కళ్లలోకి కొట్టింది. ఇంకో మెట్టు బిగించాడు. రెండో రాత్రి బుస్సుమని చెవి పక్కనుంచి పోయింది. ఇంకా బిగించాడు. ముక్కు దూలం మీద చర్మం చిట్లింది, నోరు పిడచ కట్టుకుపోయింది, ఎవరో మొహం మీద దిండు అదిమి కూర్చున్నట్టు గుండె దడదడలాడేది. ఏదో ఒక వేళ నిద్రలోనే రెండు చేతులతో మాస్కు పీకి పారేసేవాడు. పీకినట్టు కూడా తెలియదు. పొద్దున లేచి చూస్తే డబ్బా మీద అంకెలు వెక్కిరించేవి. గంటా పది. యాభై నిమిషాలు. రెండు గంటలు.

పదిరోజులు గడిచేసరికి లెక్కకు వచ్చిన రాత్రులు మూడు. మిగిలిన ఇరవైలో పద్దెనిమిది కావాలి. పగలంతా గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని లారీల నంబర్లు రాసుకుంటూ ఈ లెక్కే వేసేవాడు, వేసి వేసి మళ్లీ వేసేవాడు. షెడ్డు లోపలి నుంచి క్రేను గంట వినబడినప్పుడల్లా కలం ఆపి చెవి అటే పెట్టేవాడు. కొత్తవాడు బానను మోటుగా దించుతాడు. ఆ చప్పుడు గేటు దాకా వచ్చేది. సిగ్గు విడిచి చెప్పాలంటే, వాడి చెయ్యి ఒక్కసారి వణకాలని కూడా ఆయన కోరుకున్నాడు. కోరుకుని, కింద ఉండేది ఎవరో గుర్తొచ్చి, తనను తానే తిట్టుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున డబ్బా మీద నలభై నిమిషాలు అని చూసి మాస్కును గోడకేసి కొట్టాడు.

"నావల్ల కాదే. చచ్చిపోతే పోతాను. ఇది పెట్టుకుని రోజూ చచ్చేకంటే అదే నయం."

భార్య మాస్కు తీసి, పగిలిందేమోనని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో తుడిచింది. "మీరు ఊరికే నోరు పారేసుకోకండి. పెట్టుకుని పడుకోండి చాలు. లెక్కలు చూడకండి, నేను చూస్తాను."

"నువ్వు చూస్తే పెరుగుతాయా?"

ఆమె మాస్కు తీసుకెళ్లి శుభ్రంగా సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టింది.

పెరిగాయి. మర్నాడు ఐదు గంటల ఇరవై. ఆ తర్వాత ఆరు. ఆపై ఆరుంపావు. పైవాడు కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పొద్దున లేచేసరికి మాస్కు పక్కన బల్ల మీదే ఉంటోంది. తెల్లవారుజామున ఎప్పుడో తీసేస్తున్నానేమో, పోనీ అంతసేపు ఉంచుకుంటున్నానుగా అనుకున్నాడు. ఇల్లు తేలికపడింది. భార్య మాత్రం వంట చేస్తూ గోడకు జారగిలబడుతోంది, పిలిస్తే రెండోసారికి గాని పలకడం లేదు. అడిగితే తలనొప్పి అంది. తన ఆనందంలో తానుండి ఆయన అంతటితో వదిలేశాడు.

కాని ఆ ఆనందం గేటు దాకా కూడా వచ్చేది కాదు. రాత్రికి ఆరేసి గంటలు మిషను పెట్టుకుంటున్నా పగటి నిద్ర వెంట్రుకవాసి తగ్గలేదు. నంబరు రాస్తూ రాస్తూ కలం కాగితం మీదే గీతలా జారిపోయేది. ఓ రోజు లారీ హారను ఎంతసేపు కొట్టినా లేవకపోతే డ్రైవరు దిగొచ్చి భుజం కుదిపాడు. అప్పుడు పైవాడికి నిజంగా భయం వేసింది. మిషను వాడకపోతే వాడలేదని అనుకోవచ్చు. వాడి కూడా ఇంతేనంటే ఇంకెక్కడికి పోతాడు? తన రోగం మందుకూ మిషనుకూ లొంగనిదని, ఇక తన బతుకింతేనని ఆయనకు ఖాయమైపోయింది. ఆ మాట భార్యకు చెప్పలేదు. డాక్టరుకు చెబితే సంతకం పెట్టడు. మింగలేక కక్కలేక తిరిగాడు.

ఒక్క సిగ్నల్ మనిషి దగ్గర బయటపడ్డాడు. భోజనాల వేళ అతను గేటు దగ్గరికి వచ్చి కూర్చుంటే, "ఒరే, నేను బాగుపడట్లేదురా. నిద్ర అలాగే ముంచుకొస్తోంది" అన్నాడు.

"గంటలు పడుతున్నాయిగా అన్నా?"

"పడుతున్నాయి."

"మరింకేం? కాగితం తెచ్చుకో, పైకెక్కు. మిగతాది నేను చూసుకుంటా. ఆ కొత్తోడి కింద నిలబడాలంటే నాకు హడలు. నువ్వుంటే కళ్లు మూసుకుని నిలబడతా." అని లేచి వెళ్తుంటే, చెమటకు అతుక్కున్న చొక్కాలోంచి వీపు మీద మచ్చ, అరచెయ్యంత, కనిపించింది. పైవాడికి అన్నం సయించలేదు.

ముప్పై ఒకటో రోజు మొగుడూ పెళ్లాలు మిషను సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు మిషనులోంచి రికార్డు ఉండే చిన్న కార్డు తీసి కంప్యూటరులో పెట్టాడు. బయట ఇంకా పదిమంది ఉన్నారు, ఆయన తొందరలో ఆయనున్నాడు.

"ఇరవై మూడు రాత్రులు. శభాష్. పగలు నిద్ర వస్తోందా?"

"లేదండి" అన్నాడు పైవాడు. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆయనే అనుకోలేదు.

డాక్టరు కలం తీశాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. తెర మీద గీతను ఓసారి చూసి, "ఒకటి మాత్రం చిత్రంగా ఉంది" అన్నాడు. "పడుకోగానే మీకు చాలా గాలి కావాల్సి వస్తోంది. గంటో గంటన్నరో గడిచాక ఓ నిమిషం ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. అక్కడి నుంచి పొద్దుటిదాకా గాలి అవసరమే ఉండటం లేదు. పసిపిల్లలు పీల్చినట్టు పీలుస్తున్నారు. ఇరవై రోజులుగా ఇదే వరస. పక్కకు తిరిగి పడుకుంటున్నట్టున్నారు, మంచిదే."

పైవాడు భార్య వంక చూశాడు. ఆమె తల దించుకుని సంచి చెవులు మెలిపెడుతోంది. చెంపల మీద రెండు పక్కలా, పట్టీ వెడల్పున, ఇంకా పోని సన్నటి ఎర్రటి గీతలు.

 తను పీకి పారేసిన మాస్కును రోజూ ఆమె తీసి తన మొహానికి పెట్టుకుని, పొద్దున దాకా, తాను నిద్రపోతే మొగుడు ముందే లేచి ఎక్కడ చూస్తాడోనని మేలుకుని... తర్వాత ఆలోచన ముందుకు సాగలేదు. కలం కాగితం మీదకు వంగుతోంది. నోరు మూసుకుంటే చాలు. రేపు పొద్దున ఆ నిచ్చెన ఎక్కొచ్చు, ఆ గాజు తలుపు మూసుకోవచ్చు. ఇరవై రెండేళ్ల బతుకు అక్కడుంది. కింద, కళ్లు మూసుకుని నిలబడే మనిషీ అక్కడే ఉంటాడు.

"ఆ ఊపిరి నాది కాదండి" అన్నాడు.

డాక్టరు తలెత్తాడు.

"మా ఆవిడది. నేను తీసి పారేస్తే తను పెట్టుకుంది. నాకు ఇప్పుడే తెలిసింది. పగలు నిద్ర వస్తోందండి. రోజూ వస్తోంది."

 ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన గేటు దగ్గర కూర్చోలేరండీ. ఆ స్టూలు మీద ఆయన్ని చూడలేక చేశాను. పాపమో పుణ్యమో నాకు తెలియదు."

డాక్టరు కోప్పడతాడనుకున్నారు. ఆయన మాస్కు చేతిలోకి తీసుకుని పట్టీలు లాగి చూశాడు. "ఇంత బిగించి మీరెలా పడుకున్నారమ్మా రాత్రంతా?"

ఆమె పైవాడి వంక చూడకుండా, "నేను వదులు చేసుకునేదాన్నండీ" అంది. "వేలు దూరేంత. అలా పెట్టుకుంటే గాలి ఎటూ పోదు, నొప్పీ ఉండదు, హాయిగానే ఉంటుంది. పొద్దున ఆయన లేవకముందే మళ్లీ బిగించి పెట్టేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు పైవాడు.

"చెబితే నీకెలా తెలుసంటారుగా."

ఇరవై రాత్రులు. తనను బాగుచేసే కిటుకు తన మంచం పక్కనే, తన కోసమే, నోరు మూసుకుని కూర్చుంది. తన రోగం మొండిదేం కాదు. మిషను ఓడిపోనూ లేదు. దాన్ని తను ఇంతవరకూ సరిగ్గా పెట్టుకున్నదే లేదు. ఆ సంగతి తెలిసి సంతోషించాలో, నెత్తి బాదుకోవాలో ఆయనకు తోచలేదు.

డాక్టరు సంతకం చేయాల్సిన కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. "మళ్లీ ముప్పై రోజులు. పట్టీలు ఈసారి అమ్మగారే పెడతారు, మీరు ముట్టుకోవద్దు. అప్పటిదాకా క్రేను ఎక్కడానికి వీల్లేదని రాస్తున్నాను. మీ సీటు ఉంచుతారో లేదో అది నా చేతిలో లేదు."

"రాయండి" అన్నాడు పైవాడు. 

ముద్ర వేయించి ఇస్తాం, బయట కూర్చోండి అన్నారు. వరండాలో గోడ పొడవునా ఇనుప కుర్చీలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సీటు ఇక దక్కదనే ఆయనకు తోస్తోంది. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, ఇంటికెళ్లాక రేపటి నుంచి ఎలా అని మాటలు కూడదీసుకుంటూ పక్కకు తిరిగేసరికి ఆమె తల ఆయన భుజం మీదకు వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, కూర్చున్నచోటే, చుట్టూ అంతమంది తిరుగుతున్నా ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. ఊపిరి మెత్తగా, తెంపు లేకుండా ఆడుతోంది.

కౌంటరు దగ్గర గుమాస్తా ఆయన నంబరు పిలిచాడు. ఆయన కదల్లేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. పైవాడు చెయ్యెత్తి, కాస్త ఆగమన్నట్టు ఊపి, భుజం కదలకుండా అలాగే కూర్చున్నాడు.