స్టూలు లేని బొమ్మ

టంగ్. కాసేపాగి మళ్లీ టంగ్. మూసిన తలుపు వెనక ఎవరో వానచినుకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నట్టు. తరవాత టప్పుమని ఓ మూగ చప్పుడు, దాని వెంటే ఓ నిట్టూర్పు.

తలుపు తీస్తే బొమ్మలక్క. ఆమె ముందు బట్టీలోంచి అప్పుడే తీసిన పింగాణీ బొమ్మలు. గోటితో మీటితే మోగింది మంచిది, మోగనిది లోపల బీటలిచ్చింది. ఆమె చేసేవన్నీ నాటకాల్లో నవ్వించేవాళ్ల బొమ్మలే. నాటకశాల గుమ్మం పక్కన అమ్ముతారు.

అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది చెవులాయన అని జనం పిలిచే నటుడి బొమ్మ. ఇరవై ఏళ్ల కింద ఆయన వేదిక మీద ఒంటికాలిపై నిలబడి, ఒళ్లంతా ముందుకు వాల్చి, అక్కడ లేని తలుపుకి చెవి ఆనించి అత్తగారి మాటలు వినేవాడు. గాలే ఆయనకి గోడ. ఎంతసేపు అలా నిలబడితే అంత నవ్వు.

మట్టికి ఆ విద్య పట్టుబడలేదు. బట్టీ వేడికి చీలమండ మెత్తబడి బొమ్మ బోర్లాపడేది. బొమ్మలక్క వేసారిపోయి బొమ్మ చెయ్యి కింద ఓ చిన్న స్టూలు పెట్టింది. నిలబడింది. ఇంటింటి అలమరలో చేరింది. కొన్నాళ్లకి నాటకం మధ్యలో జనం "స్టూలు ఏదీ?" అని అరవసాగారు. ఒకరోజు ఆయన నిజంగానే స్టూలు తెచ్చి వేసుకుని చెయ్యి ఆనించాడు. ఇక తీయలేదు.

తన చేతకానితనం ఆయన విద్యని మింగేసిందన్న మాట బొమ్మలక్కకి గొంతులో ముల్లయింది. స్టూలు లేకుండా చేసి తీరాలని కూర్చుంది. కాలు లావు చేస్తే ఏనుగు కాలయింది. ఒళ్లు నిటారు చేస్తే బంట్రోతయ్యాడు. బట్టీ చూసుకునే మరిది విసుక్కునేవాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. అమ్ముడుపోయే బొమ్మకి వంకలు పెడతావేంటి వదినా?"

"నువ్వు మంట చూసుకోవయ్యా. వంకలు నేను చూసుకుంటా."

వచ్చే వారంతో చెవులాయన నాటకాలు మానేస్తున్నాడు. ఆలోపు ఆయన చేతిలో పెట్టాలి. ఈసారి బొమ్మల్ని మెత్తటి ఇసుకలో మెడదాకా పూడ్చి కాల్చింది. నాలుగింట్లో మూడు పోయాయి. నాలుగోది టంగుమంది. ఒంటికాలి మీద, దేన్నీ పట్టుకోకుండా నిలబడింది. గుడ్డలో చుట్టి, మళ్లీ విప్పి చూసుకుని, ఆ సాయంత్రమే నాటకశాలకి తీసుకెళ్లింది.

మొహం మీది రంగు తుడుచుకుంటూ ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"బాగుందమ్మా. కానీ స్టూలు మర్చిపోయినట్టున్నావే."

వేళాకోళమేమోనని ఆయన కళ్లలోకి చూసింది. కాదు. ఆ కళ్లు గుడ్డ మడతల్లో స్టూలు కోసం వెతుకుతున్నాయి.

ఆమె ఇంటిదారి పట్టింది. దారంతా తనలో తనే గొణుక్కుంటూ నడిచింది. తెల్లారేసరికి మళ్లీ స్టూలున్న పాత అచ్చులోనే మట్టి నింపుతోంది. ఆ తరవాత ఆమె కథ రాసుకోవడానికి వచ్చిన ఓ మనిషితో, చేతులైనా కడుక్కోకుండా, చివరగా అన్నది ఇంతే:

"ఒట్టి గాలికి ఆనుకుని నిలబడ్డ సంగతి ఆయన మర్చిపోతే మర్చిపోయాడు. మీరు మాత్రం ఆ స్టూలు ఆయనకి అంటగట్టకండి. అది నాది."