ఉడికితేనే విమానం ఎక్కే దుంపలు

ఎనభై ఆరేళ్ళు వచ్చేదాకా గోజే అవ్వ ఒకినావా దీవి దాటి అడుగు బయట పెట్టలేదు. "సముద్రం అవతల ఏముంది? ఉప్పు ఎక్కువ పులుసూ, మాట తక్కువ మనుషులూ" అనేది. నోట్లో పళ్ళు చాలావరకు సెలవు తీసుకున్నా నాలుక పదును మాత్రం తగ్గలేదు. పొద్దున్నే తోటలో ఊదారంగు చిలగడదుంపలు తవ్వడం, సంతలో అమ్మడం, సాయంత్రం తోటి ముసలమ్మలతో కూర్చుని ఊరందరినీ ఆడిపోసుకోవడం, ఇదీ ఆవిడ ఉద్యోగం.

అలాంటి మనిషి ఒసాకాకు బయల్దేరింది, చెల్లెలు కామే కోసం. చలికాలంలో జబ్బుపడి లేచిన కామేకి తిండి సయించడం లేదు. గంజి, తెల్ల రొట్టె ముక్క, అంతే. ఇంకాస్త చిక్కితే ఆస్పత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. రంగురంగుల కూరలూ పళ్ళూ తినిపించి చూడమన్నాడు.

"రంగుకీ ఒంటికీ ఏమిటే సంబంధం?" అనడిగింది అవ్వ, పోషకాహారం చదువుతున్న మనవరాలు యూనాను.

"ఒంట్లో ప్రతి కణం ఒక బుల్లి పొయ్యి అవ్వా. తిన్నదాన్ని మండించి బలం తీస్తుంది. మండేటప్పుడు రవ్వలు ఎగురుతాయి కదా, అవి కణం గోడల్నే కాలుస్తాయి. నీ దుంపలో ఊదారంగు ఉందే, అది యాంటీ ఆక్సిడెంట్. ఆ రవ్వల్ని ఆర్పడానికి సాయం చేస్తుంది."

"అయితే నా కడుపులో ఫైరింజను ఉందన్నమాట!"

"దుంప ఒక్కటే చాలదవ్వా. ఆకుకూరలు, టోఫు, చేప, అన్నీ పడాలి."

"ముందు అది నోరు తెరవనీ" అని అవ్వ దుంపల సంచీ కట్టి, యూనాను కూడా వెంటబెట్టుకుంది.

విమానాశ్రయంలో ఒక కుర్ర అధికారి ఆ సంచీ విప్పించాడు. "అవ్వగారూ, పచ్చి దుంపలు దీవి దాటించకూడదు. లోపల పురుగుంటే అక్కడి తోటలు నాశనమైపోతాయి."

ఆ సంగతి అవ్వకి తెలియక కాదు. ఆ నిబంధన పక్కింటివాళ్ళ దుంపలకనుకుంది.

"నా దుంపల్లో పురుగా? నీ బుర్రలో ఉంది పురుగు!"

"ఉండొచ్చండీ. ఉడికించినవైతే మాత్రం పట్టుకెళ్ళొచ్చు."

అవ్వ ఇంకో మాట లేకుండా మూలనున్న నూడుల్స్ కొట్టు మీద పడింది. విమానానికి గంట టైముంది.

"ఇక్కడ నూడుల్సే వండుతాం అవ్వా" అంది కొట్టామె.

"నీళ్ళు మరుగుతున్నాయా? ఆవిరి ఊరికే పోతోందా? దాని మీద పెట్టు."

"నీళ్ళలోనే వేసేస్తే తొందరగా..."

"వేశావంటే చెయ్యి విరగ్గొడతా! రంగు నీళ్ళలోకి దిగిపోతుంది. తొక్క కూడా తియ్యకు."

తియ్యటి వాసనకి జనం మూగారు. సూట్లవాళ్ళు, పిల్లల తల్లులు, చివరికి ఆ అధికారీ. రుచి చూస్తామన్న ప్రతి చేతి మీదా అవ్వ చిన్న దెబ్బ వేసింది. "మీకు ఒళ్ళు బాగానే ఉందిగా! పొండి!" విమానానికి ఆఖరి పిలుపు వినపడుతుంటే యూనా సంచీ తెరిచి పట్టుకుంది. అధికారి ఒక దుంపలో చాప్‌స్టిక్ గుచ్చి చూసి అరిచాడు: "మెత్తగా ఉడికాయి! పరిగెత్తండి అవ్వగారూ!"

ఒసాకాలో కామే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఆకలి లేదక్కా, విసిగించకు."

"నీకెవరు పెడుతున్నారే?" అంటూ అవ్వ మంచం పక్కనే చతికిలబడి దుంప విరిచింది. లోపల ఊదారంగు ధగధగలాడింది. ఉన్న నాలుగు పళ్ళతోనే చప్పుళ్ళు చేస్తూ, కళ్ళు మూసుకుని తినసాగింది. యూనాకి నవ్వు ఆగలేదు.

కామే మెల్లగా ఇటు తిరిగింది. కాసేపు చూసింది. చెయ్యి చాపి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"నూడుల్స్ పులుసు కంపు కొడుతోందేంటి? వయసొచ్చింది గానీ నీకు దుంప ఉడకెయ్యడం రాలేదక్కా."

"అయితే ఉమ్మెయ్."

"ఎందుకు ఉమ్మాలి? ఇంకోటి ఇలా ఇవ్వు, చూద్దాం అదైనా సరిగ్గా ఉడికిందేమో."