రాని రిపోర్టు

పంజాగుట్టలోని ఓ ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం నాది. మా పనిలో సూదితో పాటు అలవాటయ్యే మాట ఒకటుంది: "రేపు సాయంత్రం రిపోర్టు వస్తుంది." అది వింటే ఎంత భయస్థులైనా చెయ్యి చాపుతారు.

ఆ ఏడాది పరిశోధన కోసం కొందరి దగ్గర అదనంగా ఒక ట్యూబు తీయమన్నారు. వైరస్ మెదడుకు సోకినప్పుడు దెబ్బతిన్న నరాల కణాల నుంచి కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి జారతాయట. వాటిని కొలిచి, మెదడుకు ఎంత నష్టం జరిగిందో వెన్నులో సూది గుచ్చకుండానే ఎప్పటికైనా చెప్పగలమని డాక్టర్ల ఆశ. ట్యూబులన్నీ పేర్లు లేకుండా, నంబర్లతో ఫ్రీజర్‌లో ఉంటాయి. రోగికి రిపోర్టేమీ రాదు.

మైత్రీవనం వెనక గల్లీలో జాకెట్లు కుట్టే ఒకావిడ కూతురు మెదడుకు పాకిన అలాంటి వైరస్ జ్వరంతోనే చేరింది. పదహారేళ్ల పిల్ల, కన్నతల్లినే గుర్తుపట్టడం లేదు.

"ఇప్పటికే మస్తు రక్తం తీసిండ్రు, ఇంకెందుకు?" అని తల్లి అడ్డుపడింది.

పరిశోధనకు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాల్సింది పోయి, ఇంకా పదిమంది మిగిలి ఉన్నారన్న చిరాకులో "రేపు రిపోర్టు వస్తుందక్కా" అనేశాను. ఆమె వెంటనే సంతకం పెట్టింది.

మర్నాటి నుంచి రోజూ నా కౌంటర్ దగ్గరికి వచ్చేది. "నా బిడ్డ నన్ను మళ్ల గుర్తుపడ్తదా లేదా, అండ్ల రాస్తరు కదా మేడమ్?"

నేను వెనక మెట్ల మీదుగా తప్పించుకు తిరిగాను. సిగ్గేసింది, ఆ సిగ్గుకి ఆమె మీదే కోపం కూడా వచ్చింది. ఐదో రోజు ఆమె నన్ను మెట్ల దగ్గరే పట్టుకుంటే నిజం చెప్పేశాను.

"మా దుకాణంల కొలత తీస్కుంటే జాకెట్ కుట్టియ్యాలె. నువ్వు నా బిడ్డ రక్తం తీస్కొని ఏమియ్యవా?" అంది. కావాలంటే ఆ ట్యూబు తీసేయిస్తానన్నాను. ఆమె వెనుదిరిగి కూతురి వార్డు వైపు వెళ్లిపోయింది.

పిల్ల మెల్లగా తేరుకుని ఇంటికి వెళ్లింది. పరిశోధన కోసం మూడు నెలలకు రెండో ట్యూబు తీయాలి. ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు. కాగితంలో రాసిన తారీఖుకి తల్లే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"రిపోర్ట్ ఎప్పుడొస్తది ఆంటీ?" అని అడిగింది పిల్ల, కుర్చీలో కూర్చుంటూ.

నోటి దాకా వచ్చిన పాత మాటను మింగాను. "ఇది నీకు రాదమ్మా. తర్వాత ఈ జ్వరం వచ్చే పిల్లలకు పనికి రావచ్చు. రాకపోవచ్చు కూడా."

పిల్ల పక్కకు తిరిగింది. "అమ్మా, ఇద్దామా?"

ఆ పిలుపు కోసమే ఆమె అన్ని రోజులు నా కౌంటర్ దగ్గర నిలబడింది. నా వైపు చూడకుండానే, కూతురి చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచింది.